సీలు తీసిన చెయ్యి

రిపేరుకిచ్చిన ఆంప్లిఫయరు లేకుండా ఖాళీ చేతులతో ఇంటికొచ్చిన భర్తను చూడగానే డాక్టరమ్మకు సంగతి సగం అర్థమైంది. మిగతా సగం ఆయన చెప్పులు విడిచిన తీరులో తెలిసింది. ఒకటి గుమ్మం దగ్గర, ఒకటి గోడవారన. ఆయన ఆడిటరు. పదిమంది లెక్కల్లో తప్పులు పట్టి బతికే మనిషి. చెప్పులు కూడా జమా, ఖర్చూ లాగా పక్కపక్కనే పెట్టడం అలవాటు.

"వారంటీ చెల్లదట," అన్నాడు.

"ఎందుకని?" అంది ఆవిడ. గొంతు మామూలుగానే వచ్చింది. పళ్ళ డాక్టరు కదా, లోపల ఏముందో తెలిసి కూడా "ఏం లేదండీ, నొప్పుండదు" అని చెప్పి చెప్పి ఆ గొంతు అలవాటైపోయింది.

"సీలు తీశారట. మూత విప్పారట. లోపల ఎవరో చెయ్యి పెట్టారట. ఆ సర్వీసు ఇంజనీరు నా మొహం మీదే అన్నాడు. తిట్టినా బాగుండేది, మర్యాదగా అన్నాడు. 'సార్, లోపం మాదే అయుండొచ్చు, పవరు బోర్డు మీద ఓ కెపాసిటరు ఉబ్బింది. కానీ సీలు పోయాక నా చేతుల్లో ఏం లేదు. కంపెనీ లెక్కలో మూత తీసినవాడే పాడుచేసినవాడు' అన్నాడు. అయ్యా, కొన్ననాటి నుంచి దాని మూత జోలికెళ్ళినవాడు లేడు అన్నాను. నవ్వాడు. 'అందరూ అలాగే అంటారు సార్' అన్నాడు. నన్ను అందరిలో కలిపేశాడు!"

ఆవిడ కూరగాయలు తరుగుతోంది. కత్తి కిందపెట్టింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికొకడు. ఈవిడ భుజాలు తడుముకోలేదు కానీ రెండు చేతులూ తువ్వాలుకి తుడుచుకుని, తుడుచుకున్న సంగతి మరిచిపోయి మళ్ళీ తుడుచుకుంది. ఎందుకంటే ఆ సీలు తీసింది ఆ చేతులే.

వారంటీ సంగతి కాస్త చెప్పుకోవాలి. ఖరీదైన పాటల సామాను కొంటే కంపెనీవాడు ఒక కార్డు ఇస్తాడు. పైన పెద్ద అక్షరాల్లో ఐదేళ్ళ భరోసా. కింద చీమ తలకాయంత అక్షరాల్లో అసలు కథ. మొదట కొన్నవాడికే ఈ భరోసా, వాడు ఇంకొకడికి అమ్మితే చెల్లదు. మేము ఒప్పుకున్న దుకాణంలోనే కొనాలి. కరెంటు హెచ్చుతగ్గులకు మా పూచీ లేదు. పాడైతే వచ్చిన అట్టపెట్టెలోనే, వచ్చిన స్పాంజి ముక్కల మధ్యే తిరిగి పంపాలి. మూత విప్పితే మాకూ మీకూ చెల్లు. కొందరు అత్తగార్ల ఆశీర్వాదం లాంటిది, పైకంతా ప్రేమ, లోపలంతా షరతులు.

అలాంటి షరతుల్ని కూడా పొల్లుపోకుండా పాటించిన మనిషి లోకంలో ఎవరైనా ఉంటే అది ఆడిటరు గారే. కొన్న రోజునే పేరు నమోదు చేయించాడు. కరెంటు కోసం విడిగా స్టెబిలైజరు పెట్టించాడు. ఇక అట్టపెట్టెలు! ఒకదాంట్లో ఒకటి ఇమిడే రెండు పెట్టెలు ఆంప్లిఫయరువి, స్పీకర్లవి మనిషెత్తున ఇంకో రెండు. చుట్టాలొస్తే పడుకునే గది కాస్తా డబ్బాల గది అయిపోయింది. వచ్చిన చుట్టం కాళ్ళు ముడుచుకుని ఆ అట్టల మధ్య పడుకోవాల్సిందే. "ఎందుకండీ ఈ చెత్త?" అని అడిగితే, "వారంటీ," అనేవాడు. ఆ ఒక్క మాట చాలు, ఇంట్లో ఇంకెవరూ నోరెత్తకూడదు.

ఆ గదిలో ఎక్కువసార్లు కాళ్ళు ముడుచుకున్నది డాక్టరమ్మ తమ్ముడే. నాటకాలకు స్టేజీ మీద లైట్లు అమర్చే పని అతనిది. జేబులో స్క్రూడ్రైవరు లేకుండా నిద్ర కూడా పోడు. ప్రతి ఆదివారం వచ్చేవాడు. బావా, బావమరిదీ హాల్లో తలుపులేసుకుని పాటలు పెట్టుకుని కూచునేవారు. కూచోవడమంటే అలా ఇలా కాదు. వైరు మారిస్తే వయొలిను దగ్గరికొచ్చిందనేవారు. స్పీకరును జానెడు జరిపితే పాడే మనిషి నిలబడి పాడుతోందో కూచుని పాడుతోందో తెలుస్తోందనేవారు. ఒకసారి డాక్టరమ్మ టీ కప్పులు అందిస్తూ, "ఆ వైరుకీ ఈ వైరుకీ నాకేం తేడా తెలీలేదే," అంది. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"రోజంతా ఆ డ్రిల్లు మోతలో ఉంటావు, నీకు చెవి ఎక్కడిది?" అన్నాడు ఆయన.

"అక్కకి చెయ్యి ఉంది బావా, చెవి లేదు," అన్నాడు తమ్ముడు. ముద్దుగానే అన్నాడు. ముద్దుగా అన్నవే ఎక్కువ కాలం గుచ్చుకుంటాయి.

వాళ్ళిద్దరికీ తెగని వాదం ఒకటుండేది, ఫ్యూజు గురించి. ఆంప్లిఫయరు లోపల మందుమాత్రంత గాజు గొట్టం ఒకటుంటుంది. దాని మీద సన్నటి రాత. ఆ రాత ఎటుంటే కరెంటు అటు హాయిగా పోతుందనీ, తిరగేసి పెడితే పాట మొత్తం విచ్చుకుంటుందనీ తమ్ముడి నమ్మకం. "ఉంటే ఉండొచ్చురా, నా చెవికి తెలియకపోదు. కానీ మూత తీస్తే వారంటీ పోతుంది," అనేవాడు బావ. ప్రతి ఆదివారం వాదం అక్కడికొచ్చి ఆగేది. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికొచ్చారు. వారంటీ తీరిన మర్నాడే, ఇద్దరూ కలిసి, మూత తీసి, ఫ్యూజు తిప్పాలి. ఆ రోజు కోసం పెళ్ళిచూపులకు ఎదురుచూసినట్టు ఎదురుచూస్తూ ఉండేవారు.

కిందటి వానాకాలం ఆయన ఆడిట్ క్యాంపు మీద వేరే ఊరు వెళ్ళాడు. డాక్టరమ్మ హాల్లో ఒంటరిగా కూచుని ఆ నల్లపెట్టెను చూసింది. వెనకవైపు ఒక స్క్రూ మీద గోరంత వెండిరంగు సీలు. దాన్ని జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో వెచ్చబెట్టి, పళ్ళ సందుల్లోకి పెట్టే సన్నటి పరికరంతో అంచు లేపింది. ఆ చేతి నేర్పుకి కూడా అది లొంగలేదు. సగం ఊడొచ్చింది, సగం గళ్ళుగళ్ళుగా స్క్రూకే అతుక్కుపోయింది. ఎలాగూ మునిగాం, చలేమిటనుకుంది. మూత విప్పింది. ఫ్యూజు తీసి తిరగేసి పెట్టింది. తరవాత సీలు మళ్ళీ అంటించాలి కదా. ఇంకొకరైతే ఏ బంకో రాసేవారు. ఈవిడకు చేతికి అలవాటైన పని ఒకటే. పుచ్చిన పంటికి నింపే మందు ఒక చుక్క పెట్టి, క్లినిక్కు నుంచి తెచ్చిన నీలం లైటు దాని మీద పట్టింది. గట్టిపడింది. గోరుతో తట్టి చూసుకుంది. పదేళ్ళు కదలదు.

తరవాతి ఆదివారం బావా బావమరిదీ ఎప్పట్లాగే కూచున్నారు, ఎప్పట్లాగే పాటలు పెట్టుకున్నారు. వయొలిను గురించి గంటసేపు మాట్లాడుకున్నారు. ఫ్యూజు తిప్పితే పాట ఎలా ఉంటుందో ఊహించుకుని మురిసిపోయారు. అది తిరిగి ఉందని ఇద్దరిలో ఒక్కరికీ తెలియలేదు. ఆ పైన చలికాలం గడిచింది, ఎండలొచ్చాయి. మొన్నటికి మొన్న పాట మధ్యలో టప్పుమని చప్పుడై పెట్టె మూగబోయింది.

"ఇంకో వింత విను," అన్నాడు ఆయన, ఇంట్లో అటూ ఇటూ పచార్లు చేస్తూ. "ఆ సీలు మళ్ళీ అంటించారట. ఏం జిగురో ఇంజనీరుకే అర్థం కాలేదట. రాయిలా ఉందట. స్క్రూ తలకాయ డ్రిల్లుతో తవ్వితే గానీ ఊడలేదట. లోపల ఫ్యూజు చూస్తే తిరగేసి ఉంది! ఫ్యాక్టరీలో రాత ఎప్పుడూ ముందుకే పెడతారట."

ఆవిడ తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసింది. ఇప్పుడే చెప్పేద్దామనుకుంది. నోరు తెరిచింది కూడా.

"నాకు అనుమానం వస్తూనే ఉంది," అన్నాడు ఆయన. "ఓ నెల నుంచీ పాటలో ఏదో తేడా ఉందని నాలో నేను అనుకుంటూనే ఉన్నాను. నా చెవి అబద్ధం చెప్పదు. ఇది నీ తమ్ముడి పనే. ఇంకెవడికుంది ఆ ఫ్యూజు పిచ్చి?"

తెరిచిన నోరు మూసుకుంది. సీలు సంగతి ఒక్కటే అయితే చెప్పేసేది, ఆయన కోపం రెండు పూటలు ఉంటుంది, పోతుంది. కానీ అది చెబితే రెండోదీ చెప్పాలి. తిప్పింది నెల కిందట కాదు, వానాకాలంలో అని. ఇన్నాళ్ళూ మీ చెవికి ఏమీ తెలియలేదని. ఆ మాట ఆయన తట్టుకోగలడా అన్నది ఆవిడ భయం. దొంగకు తేలు కుట్టినట్టయింది ఆవిడ పరిస్థితి.

ఆదివారం తమ్ముడు వచ్చాడు. బావ గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి రమ్మనలేదు.

"ఒరేయ్, మూత ఎప్పుడు తీశావు?"

తమ్ముడు పకపకా నవ్వాడు. "నేనా? నేను తీస్తే నీకు చెప్పకుండా ఉంటానా బావా? డప్పు కొట్టుకుంటూ చెప్పనూ?"

"నవ్వకు. సీలు లేపి, రాయిలాంటి జిగురుతో అంటించి, ఫ్యూజు తిప్పి పెట్టావు. నా నోటితోనే అబద్ధం ఆడించావు."

"రాయిలాంటి జిగురా?" అన్నాడు తమ్ముడు. అంటూనే ఒక్కసారి అక్క వైపు చూశాడు. మొహం వైపు కాదు, చేతుల వైపు. డాక్టరమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. అతని నవ్వు మెల్లగా తగ్గింది.

"అవును బావా. నేనే," అన్నాడు.

ఆయన గుమ్మానికి ఆనుకున్నాడు. గొంతులో కోపం కంటే ఇంకేదో ఉంది. "వారంటీ పోతే పోయింది. కలిసి తిప్పుదామనుకున్నాం కదరా. ఇన్నేళ్ళు ఆగాం. నన్నొదిలేసి ఒక్కడివే ఎలా తిప్పావురా?"

తమ్ముడు తల వంచుకుని మెట్లు దిగిపోయాడు. బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. తన మీద లేని నేరం వేసుకుని మరీ బావ బతుకు కోరిన బావమరిదిని డాక్టరమ్మ కిటికీలోంచి చూస్తూ నిలబడింది. సిగ్గుతో ఆవిడ ఒళ్ళు కాలిపోయింది.

ఆ వారమంతా ఆవిడ కాలుకాలిన పిల్లిలా తిరిగింది. క్లినిక్కులో సర్దిన పరికరాలే మళ్ళీ సర్దింది. పేషెంటు నోట్లో దూది పెట్టి, "ఇప్పుడెలా ఉంది?" అని అడిగి, ఆ మనిషి జవాబు చెప్పలేక కళ్ళు తిప్పుతుంటే అప్పుడు చూసుకుంది. ఒక పెద్దావిడకు పంట్లో మందు నింపి నీలం లైటు పట్టబోయి, దాన్ని ఒకసారి చూసి పక్కన పెట్టేసింది. "ఏమైందమ్మా, అంత పెద్ద గొయ్యి ఉందా?" అని ఆ పెద్దావిడ హడలిపోయింది. తమ్ముడికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇంట్లో ఆయన, పాట లేని హాల్లో, ఏం చేయాలో తెలియక గడియారాలకు కీ ఇస్తూ తిరుగుతున్నాడు.

చివరికి ఒక మధ్యాహ్నం క్లినిక్కు మూసి, తమ్ముడు పనిచేసే నాటకశాలకు వెళ్ళింది. ఖాళీ కుర్చీల ముందు, స్టేజీ మీద ఎత్తయిన నిచ్చెన. పైన తమ్ముడు ఒక లైటును అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"దిగు," అంది.

"నువ్వెళ్ళక్కా. పనుంది."

"ఎందుకు ఒప్పుకున్నావు?"

"ఏం చెయ్యమంటావు? రాయిలాంటి జిగురనగానే తెలిసిపోయింది. నా దవడ పన్ను నువ్వు నింపిందే కదా, ఇప్పటికీ రాయే." స్క్రూ బిగిస్తూ అన్నాడు. "చెప్పకు. బావ నా మీద ఎన్నాళ్ళు అలుగుతాడు? నీ మీద అలిగితే ఎక్కడికి పోతావు నువ్వు? నాకైతే నా గది ఉంది."

"నువ్విక తనకు దక్కవనుకుంటున్నారు ఆయన. నిన్న అన్నం సగంలో లేచిపోయారు. నిన్ను పోగొట్టుకోలేను నేను, ఆయన్ను అలా చూడలేను."

తమ్ముడు నిచ్చెన రెండు మెట్లు దిగాడు. మొహంలో కొత్త బెంగ కనిపించింది.

"అక్కా, ఒకటి చెప్పు. ఏ రోజు తిప్పావు?"

ఇంతమంది మనసులు విరుగుతుంటే వీడికి కావలసింది ఇదా అని ఆవిడకు ఒళ్ళు మండింది. బ్యాగు భుజాన వేసుకుని వచ్చేసింది.

ఇంటికొచ్చేసరికి డబ్బాల గది తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఆయన ఒక అట్టపెట్టెలో తమ్ముడి సామాను సర్దుతున్నాడు. వాడు వదిలేసిన చొక్కా, దువ్వెన, వాడు తెచ్చిన వైర్లు, పాటల డిస్కులు. చొక్కా మడత పెట్టి, నచ్చక విప్పి, మళ్ళీ మడత పెడుతున్నాడు.

"రేపు ఎవరికైనా ఇచ్చి పంపించేస్తాను," అన్నాడు తలెత్తకుండా. "ఇక వాడు ఈ గుమ్మం తొక్కనక్కర్లేదు. నువ్వు వెళ్ళి చూసుకో, నేనొద్దనను. నీ తమ్ముడు. నాకు మాత్రం..." అని ఆగిపోయాడు.

ఆవిడ ఆ పెట్టెలోంచి చొక్కా బయటికి తీసింది.

"వాడు కాదండీ. నేను."

"ఏం నువ్వు?"

"సీలు తీసింది, ఫ్యూజు తిప్పింది నేను. అంటించింది పళ్ళ మందుతో. వాడికి మీరు అడిగేదాకా ఏమీ తెలీదు. నన్ను కాపాడ్డానికి ఒప్పుకున్నాడు."

ఆయన మంచం మీద కూలబడ్డాడు. కేకలేస్తాడేమో అని ఆవిడ కాచుకుంది. వెయ్యలేదు. చాలాసేపు చేతిలోని వైరు చుట్టలు చుట్టాడు. తరవాత మెల్లగా అడిగాడు.

"ఎప్పుడు?"

"మీరు వానల్లో క్యాంపుకి వెళ్ళినప్పుడు."

"వానల్లోనా? అంటే చలికాలమంతా... నేనేమీ అనలేదా?"

"అనలేదు."

"ఒక్కసారైనా? ఏదో విచ్చుకున్నట్టుందనో, మూసుకున్నట్టుందనో?"

ఇక దాచడానికి ఓపిక లేదు ఆవిడకు. "వయొలిను గురించి మాట్లాడారు. ఫ్యూజు గురించి ఏమీ అనలేదు."

ఆయన మొహం పాలిపోయింది. ఆవిడ భయపడ్డది ఇందుకే. దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యేసింది. ఆయన కళ్ళు నేలకేసి ఉన్నాయి. ఉన్నట్టుండి తలెత్తాడు.

"మరి వాడు?"

"వాడూ ఏమీ అనలేదు."

"వాడూ అనలేదా!" ఆయన మొహంలోకి మెల్లగా రంగు వచ్చింది. పెదవి చివర కదిలింది. ఫోన్ తీసి, స్పీకరు నొక్కి మంచం మీద పెట్టాడు. ఈసారి తమ్ముడు మొదటి మోతకే ఎత్తాడు.

"ఒరేయ్, బంగారు చెవుల బావమరిదీ!"

"అక్క చెప్పేసిందా?" అవతల గొంతు గాభరాగా ఉంది. "బావా, ఏ రోజట?"

"వానాకాలంలోరా! చలికాలమంతా తిరగేసిన ఫ్యూజుతోనే విన్నాం మనం! దాని ముందే కూచుని, దాన్ని తిప్పితే ఎలా ఉంటుందో ఉపన్యాసాలిచ్చావు!"

"నేనొక్కణ్ణేనా? నువ్వు తలూపలేదూ?"

"ఊపాను! పూర్తిగా ఊపాను!"

ఇద్దరూ నవ్వు మొదలుపెట్టారు. తిలా పాపం తలా పిడికెడు అని పంచుకునేసరికి పాపం కాస్తా పండగైపోయింది వాళ్ళకు. ఆయన కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "నోరు జారానురా. మనసులో పెట్టుకోకు. రేపే వచ్చెయ్. పెట్టె ఎలాగూ వారంటీలో లేదు, బాగుచేయించుకున్నాక రోజూ తిప్పుకుందాం, రోజుకో పక్కకి," అన్నాడు. అవతల తమ్ముడు దగ్గొచ్చేదాకా నవ్వాడు.

డాక్టరమ్మకు వారం రోజుల బరువు దిగిపోయింది. ఆ మాట నిజం. తమ్ముడు దక్కాడు, ఆయన నవ్వుతున్నాడు, ఇంకేం కావాలి? చొక్కాను పెట్టెలో కాకుండా అలమరలో పెట్టింది. తలుపు మూసింది. మళ్ళీ తెరిచింది. మళ్ళీ మూసింది. వాళ్ళ నవ్వు ఆగుతుందని చూసింది. ఇంకో ప్రశ్న ఉంటుందని చూసింది. వాళ్ళు ఆ స్క్రూ తవ్వుతున్నప్పుడు ఇంజనీరు మొహం ఎలా ఉండి ఉంటుందో అనుకుని నవ్వుతున్నారు, పంటి మందు గురించి నవ్వుతున్నారు.

"ఎందుకు తిప్పావని మీ ఇద్దరిలో ఒక్కరూ అడగరేం?" అంది.

"ఎందుకేముంది," అన్నాడు ఆయన ఇంకా నవ్వుతూనే, "మమ్మల్ని ఏడిపించడానికి."

"కాదు. మీరు కనిపెడతారని. 'ఇవాళ ఏదో మారిందే' అని మీలో ఎవరో ఒకరు అంటే, 'నేనే తిప్పాను' అని చెబుదామని. మీ ఆటలో నన్నూ ఒక్కసారి చేర్చుకుంటారని." అలమర తలుపుకు వీపు ఆనించి నిలబడింది. "ఆ ఆదివారం పేషెంట్లందర్నీ మర్నాడు రమ్మన్నాను. మీ వెనకాలే, తలుపు పక్కన, మొదటి పాట నుంచి చివరి పాట దాకా కూచున్నాను. ఇప్పుడంటారు, ఇంకాసేపట్లో అంటారు అనుకుంటూ."

ఆయన చేతిలోని వైరు జారి మంచం మీద పడింది. ఆవిడ మొహంలోకి చూశాడు, ఆ రోజును గుర్తుచేసుకోవాలని పాటుపడుతున్న మనిషిలా.

"కూచున్నావా?" అన్నాడు.

ఫోన్లో తమ్ముడి నవ్వు ఆగిపోయింది.